పావురాల సంఘం గోడ

పూత లేని ఇటుక గోడ.
బొగ్గు నిలవకని
బట్టల మిల్లు ఎప్పుడో కట్టుకున్నది.
మిల్లు పోయింది. ఇప్పుడది
రోన్సే ఊళ్లో పందెపు పావురాలు పెంచేవాళ్ల సంఘానిది.
అరచెయ్యి ఆన్చి చూశాను,
ఒంటినిండా అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా
మేకుల గుంటలు.

ఏటా సెప్టెంబరులో
గెలిచిన పావురానికో పటం,
పటానికో మేకు,
మేకుకో తగాదా.
"నా నీలిరెక్కది కిటికీ పక్కనే" అని ఫిర్మాన్.
"పోయినేడూ నీదేగా అక్కడ" అని ఇంకొకాయన.
పీకిన చోటల్లా సున్నం రాలి
బీరు నురగలో పడేదట.

"ఇక ఈ గోడకి మేకు తగిలితే ఒట్టు"
అంది కార్యదర్శి రొజాన్.
అందుకని నేనొచ్చాను, సంచిలో
ఆరు మీటర్ల అల్యూమినియం పట్టా,
అర మీటరుకొకటి చొప్పున పదమూడు మరలు,
ఉక్కు తీగలు, జారే కొక్కేలు.
పటాలకి పట్టాలు ఇప్పించే ఉద్యోగం నాది.

రసమట్టంలో బుడగ
రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంది.
ఇటుక వరసే
ఎడమనుంచి కుడికి బొటనవేలంత కుంగింది.
బుడగని నమ్మితే
నిఖార్సయిన నా పట్టాయే వంకరగా కనిపిస్తుంది.
వరసని నమ్ముకున్నాను.
తీగల సంగతి బెంగ లేదు,
పట్టా ఎటు వాలినా
అవి నేలనే అడుగుతాయి దారి.

దర్జులో పొడిస్తే సులువు,
పాత సున్నం వెన్నలా దిగనిస్తుంది,
వెన్నలాగే వదిలేస్తుంది.
ఇటుక అలా కాదు.
ముందు బిట్‌ని జారగొడుతుంది,
కోపంతో నొక్కితే పగిలి పగ తీర్చుకుంటుంది.
సుత్తిదెబ్బ మీట ఆపేసి
ఉత్త తిప్పుడుతో,
మారాం చేసే పిల్లకి అన్నం పెట్టినంత నెమ్మదిగా.
మోచేతులదాకా ఎర్రటి పొడి,
చూడ్డానికి మిరపకారం,
వాసన మాత్రం ఎండిన బావి అడుగుది.
రబ్బరు బుడ్డితో ఊది
గిట్టీ దించి
మర బిగించి
మళ్లీ నిచ్చెన జరిపి.

ఏడో రంధ్రంలో
బిట్ ఉన్నట్టుండి పిడిదాకా దూసుకుపోయింది.
వెనక బోలు.
కన్ను పెట్టి చూడబోతే
లోపలినుంచి చల్లటి గాలి.

"పొగగొట్టం" అన్నాడు ఓడీల్.
పొద్దుటినుంచీ మూల కుర్చీలో కూచున్న మనిషికి
అదే మొదటి మాట.
"మిల్లు మూసిన ఏడు
అందులోనే గూడు పెట్టింది మా మొదటి జంట."
జానెడు పక్కకి జరిగి
ఇంకోటి తొలిచాను.

చీకటిపడే వేళకి
పటాలన్నీ తీగలెక్కాయి,
ఛాతీలు విరుచుకుని, ఒంటికన్ను మనవైపు తిప్పి.
అప్పుడు ఓడీల్
కోటు లోపలినుంచి ఒక ఫ్రేము తీశాడు.
అద్దం వెనక తెల్ల కాగితం,
కాగితం మీద కాలి రింగు నెంబరు, అంతే.
బార్సెలోనాలో వదిలితే తిరిగిరాని ఆడపావురం.
గెలిచినవాటికే ఫొటో తీస్తారు ఇక్కడ,
గెలిచినవాటికే మేకు.

"గోడకేసిన సున్నం అది, ఓడీల్,
తిరిగొస్తుందా?" అన్నాడు ఫిర్మాన్.
కటువుగా ఏం కాదు.

రొజాన్ నిబంధనల పుస్తకం తెరిచింది.
కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.
"మేకు అనే ఉంది.
కొక్కెం గురించి ఏమీ లేదు."

తీగ పొడవు నేనే సరిచేసి ఇచ్చాను.
ఆయన దాన్ని కిటికీ పక్కకి తోశాడు, నచ్చలేదు.
తలుపు వైపుకి తోశాడు.
మళ్లీ వెనక్కి.
పట్టా మీద కొక్కెం జారే చప్పుడు
చాలాసేపు,
గింజలు ఏరుకునే ముక్కులా.
ఫిర్మాన్ తన నీలిరెక్కదాన్ని
పిలవకుండానే లేచి
కాస్త పక్కకి జరిపాడు.

నేను డ్రిల్లు తుడిచి, పొడి ఊడ్చి,
బిల్లులో పద్నాలుగు రంధ్రాలని రాశాను.
పదమూడే కదా మరలు అని
అక్కడెవరూ అడగలేదు.